ఒకే మేడకు మూడు ఫోటోలు

బస్సు ఆలస్యమని బోర్డు మీద పడగానే ఆమెకు ముందు హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే, ఏడాదిన్నర తర్వాత కట్టుకున్నవాడూ కన్నకూతురూ దిగబోతుంటే ఈ హమ్మయ్య ఏమిటని తన మీద తనకే ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి ఇదే వరస. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చింది, పిల్ల పక్క మీద కొత్త దుప్పటి పరిచి, గుచ్చుకుంటుందేమోనని తీసేసి పాతదే వేసింది, రావలసిన దానికంటే ఎంతో ముందే వచ్చి ఇక్కడ బైఠాయించింది, ఇప్పుడేమో బస్సు ఇంకాస్త మెల్లగా వస్తే బాగుండునని చూస్తోంది. బస్‌స్టేషన్ అని పేరే గానీ రెండు బెంచీలు, ఒక టీ మెషీను, నీళ్లు పోసే దిక్కులేని ఒక పూలకుండీ, అంతే. ఇంటికి అన్ని ఫోటోలు పంపింది కదా, దీన్ని మాత్రం ఒక్కసారి కూడా పంపలేదు, ఎటు నుంచి తీసినా చిన్నగానే పడుతుంది మరి. తీరా ఆయన ఈ ఊళ్లో కాలు పెట్టే మొదటి చోటు ఇదే. దీన్ని ఎలా దాచాలన్నది ఇన్నాళ్లలో ఒక్కనాడైనా తట్టలేదు చూడు, అదీ తన తెలివి.

దాచడమంటే మరీ అబద్ధమాడిందని కాదు. వీసా కాగితం మీద ప్రాంతీయ నగరం అని ఉంది, ఇంట్లో చెప్పేటప్పుడు ఆమె మొదటి మాట మింగేసి రెండో మాట మిగిల్చింది. పెద్ద నగరాలకు ఈ వీసా పనికిరాదు, పని తెలిసినవాళ్లు దొరక్క తిప్పలు పడే దూరపు ఊళ్లకే ఇస్తారు, ఇచ్చాక కొన్నేళ్లు ఆ చుట్టుపక్కలే ఉండాలి, ఊరు నచ్చలేదని మూటాముల్లే సర్దుకుని పోతానంటే కుదరదు. ఇదంతా ఆయనకు చెప్పింది. చెప్పనిదల్లా ఊరు ఎంతన్నది. ఎలా చెబుతుంది? ఆయన సిటీ బస్సు డ్రైవరు. సెలవు రోజున కూడా నాలుగు రోడ్ల కూడలిలో టీ కొట్టు ముందు కూర్చుని వచ్చేపోయే డ్రైవర్లకు మార్కులు వేసే మనిషి, వీడు బ్రేకు ఆలస్యంగా తొక్కాడు, వాడు మలుపు భలే కోశాడు అని. హారన్ వినపడని చోట ఆయనకు నిద్ర పట్టదు. ఒకసారి చుట్టాల తోటలో ఉండాల్సి వస్తే పక్క మీద లేచి కూర్చుని, ఏమిటే ఈ నిశ్శబ్దం, చెవులు నొప్పెడుతున్నాయి అన్నాడు. అలాంటివాడు మొన్న ఫోన్లో, బస్సు టైములు చదివినంత మామూలుగా చెప్పాడు. "సెలవు పెట్టి వస్తున్నా. తిరుగు టికెట్లు కూడా తీశా. నచ్చితే ఉంటాం, లేకపోతే పిడుగును తీసుకుని వెనక్కొచ్చేస్తా. నీ గడువు అయ్యాక నువ్వొద్దువుగాని." కోపం లేదు, బెదిరింపూ లేదు. ఆ మామూలుతనానికే ఆమె గుండెలో రాయి పడింది. పిడుగంటే వాళ్లమ్మాయి, ఆరేళ్లది, ఏడాదిన్నరగా నాన్న దగ్గరా నానమ్మ దగ్గరా పెరుగుతోంది. ఈ పూట ఆయన చుట్టూ చూసి పెదవి విరిచాడంటే ఆ పిల్ల మళ్లీ ఫోన్లోకే వెళ్లిపోతుంది.

అందుకే టాక్సీ. బయట గేటు దగ్గర టాక్సీ ఆయన అద్దం తుడిచిందే తుడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి, ఈ కుట్రలో అతనికి ఆమె కంటే సరదాగా ఉంది. బస్‌స్టేషన్ నుంచి ఇంటికి నడిస్తే పట్టుమని పావుగంట లేదు, అయినా టాక్సీ ఎందుకంటే, నది పక్కగా వెళ్లి, వంతెన ఎక్కి దిగి, ఆరంతస్తుల మేడను ఒకసారి ముందు నుంచీ ఒకసారి వెనక నుంచీ చూపించి, ఆసుపత్రి చుట్టూ తిప్పి, చివరికి ఇంటికి చేర్చాలి. అప్పుడు ఊరు ఊరులా ఉంటుంది. "అదే మేడని కనిపెట్టేస్తే?" అని అడిగాడు టాక్సీ ఆయన. కనిపెట్టరు, వెనకవైపు రంగు వేరు అంది. "మీ ఆయన డ్రైవరు కదమ్మా," అన్నాడతను జాలిగా. అవును, డ్రైవరే. దారి అనేది ఆ మనిషి ఒంట్లో ఉంటుంది. ఒక్కసారి పోయిన వీధిలో మళ్లీ పోతే వాసన పట్టేస్తాడు. ఆ సంగతి ఇప్పుడు తలచుకుని, లేచి టీ మెషీను దాకా వెళ్లి, టీ తీసుకోకుండానే వచ్చి కూర్చుంది.

ఊళ్లో ఏముందని అడిగితే ఏం చెప్పాలి. ఏముందంటే, పొద్దున్నే ల్యాబు తలుపు తీయగానే గులాబీ రంగు మైనం వాసన ఉంది. ఆమె పళ్ల సెట్లు చేస్తుంది. కింద సైకిళ్లు బాగుచేసే షాపు, పైన ఈ ల్యాబు, కిటికీ కింద ఆమె బల్ల, బల్ల మీద చిన్న దీపం, మైనం కత్తి, వరసగా ప్లాస్టర్ అచ్చులు, ఒక్కో అచ్చు ఒక్కో మనిషి నోరు. దవాఖానాలో డాక్టరు అచ్చు తీసి పంపిస్తాడు, ఈమె మైనం కరిగించి చిగుళ్లు కట్టి ఒక్కో పన్నూ నిలబెడుతుంది. ఈ ఊళ్లో పళ్లున్న వాళ్లంతా చదువులకీ ఉద్యోగాలకీ పెద్ద నగరాలకు వెళ్లిపోయారు, పళ్లు లేనివాళ్లు మిగిలారు, అందుకే నాకు వీసా వచ్చింది అని ఆమె ల్యాబు పెద్దాయనతో అంటే, ఆయన కట్టుడు పళ్లు ఊడి బల్ల మీద పడేదాకా నవ్వాడు. ఆ సెట్టు ఆయన స్వయంగా చేసుకున్నదే. వదులుగా ఉందని ఎన్నాళ్ల నుంచో అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మర్నాడు ఆయనే తన అచ్చు తెచ్చి ఈమె బల్ల మీద పెట్టి, ఈమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఇక్కడ తనకు నిలదొక్కుకునే చోటుందని ఆమెకు తెలిసింది ఆ రోజే.

అంతకు ముందు ఒక ఘనకార్యం చేసింది. వచ్చిన కొత్తలో, ఉత్తరాలు పంచి రిటైరైన ఒక ముసలాయనకు సెట్టు చేసింది, దారం పట్టి కట్టినట్టు వరసగా, తెల్లగా, ఒక్క వంకర లేకుండా. తన చేతిపనికి తనే మురిసిపోయింది. వారం తిరక్కుండా ముసలాయన భార్యను వెంటేసుకుని ల్యాబు మెట్లెక్కి వచ్చాడు. "ఇవి బాగున్నాయి, కానీ ఎవరివో," అన్నాడు. భార్య ఇంకా స్పష్టంగా చెప్పింది, "ఈయన నవ్వితే పక్కింటాయన మా ఇంట్లోకి వచ్చి నవ్వుతున్నట్టుందమ్మా." పాత ఫోటో తీసి చూపించారు, ముందు పళ్ల మధ్య చిన్న సందు, ఒక పక్క పన్ను కాస్త ముందుకు. ఆమె మళ్లీ మొదలుపెట్టి ఆ సందు ఉంచింది, ఆ పన్ను వంచింది. పెట్టుకుని నవ్వగానే ముసలావిడ కళ్లు తుడుచుకుని, హమ్మయ్య, వచ్చాడు మా ఆయన అంది. అప్పటి నుంచి ఎవరికి చేసినా ముందు పాత ఫోటో తెమ్మంటుంది, వంకరలు అడిగి మరీ పెడుతుంది. ఇప్పుడు వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చే నవ్వుల్లో సగం ఆమెవే. పేర్లు తెలియవు, పైవరసలు తెలుసు. అయ్యా మీ కింది సెట్టు కులాసాయేనా అని వీధిలో అడగకూడదు కాబట్టి ఊరికే నవ్వుతుంది, వాళ్లు తిరిగి నవ్వి ఎలా కూర్చుందో చూపిస్తారు. ఇది ఫోటోలో ఎలా పెట్టడం.

మొదటి రోజు మాత్రం ఏడుపొచ్చిన మాట నిజం. సామాను దింపి, సెంటరుకు ఎటు వెళ్లాలండీ అని ఇంటావిడను అడిగితే, మీరు నిలబడిందే సెంటరు అంది ఆవిడ. ఆ సాయంత్రం వీధిలో ఇటు చివర నుంచి అటు చివర దాకా నడిస్తే ఒక కుక్క, ఒక సైకిలు, మళ్లీ అదే కుక్క. ఆ కుక్క ఈ మధ్యే పిల్లల్ని పెట్టింది, పిడుగుకు చూపించాలి. ఊరు ఎప్పుడు నచ్చడం మొదలైందో ఆమెకే తెలియదు. కూరగాయల షాపు ఆమె, జ్వరం తగ్గిందా, మొన్న రాలేదేం అని అడిగిన రోజా? జ్వరమని ఈవిడకెవరు చెప్పారు, ల్యాబు పెద్దాయన చెప్పి ఉంటాడు, ఆయనకు ఇంటావిడ చెప్పి ఉంటుంది. తన సొంత నగరంలో అంత మంది జనంలో తనకు జ్వరమొస్తే తనకే గుర్తుండేది కాదు. లేక బేకరీ సందులో ఎండ ఏటవాలుగా పడి, గోడంతా వెచ్చగా అయి, తను పనిమాలా ఆ గోడకు వీపు ఆనించి నిలబడిన రోజా? ఏ రోజైతేనేం, ఒకనాడు ఫోన్లో మాట్లాడుతూ మా ఊరు అని నోరు జారింది. "మీ ఊరా?" అన్నాడాయన. లైను కట్ అవుతోందని బుకాయించింది.

ఆ ఫోటోల సంగతి తలచుకుంటేనే సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. ఊరి మొత్తానికి ఎత్తైన మేడ ఒక్కటి, దాన్ని మూడు వైపుల నుంచి తీసి మూడు వేర్వేరు వారాల్లో పంపింది, ఇది బ్యాంకులుండే వీధి, ఇది ఆఫీసులుండే వీధి, ఇది మా ల్యాబుకు వెళ్లే దారి అని. సంత జరిగే రోజున జనం మధ్యలో దూరి తీసేది. ఒకనాడు ఆ మేడలోనే అగ్నిప్రమాదం వస్తే ఎలా తప్పించుకోవాలో అభ్యాసం చేయిస్తున్నారు, లోపలి ఉద్యోగులందరినీ రోడ్డు మీదికి తెచ్చి నిలబెట్టారు, ఆమె మైనం చేతులతోనే మెట్లు దూకి పరుగెత్తి ఫోటో తీసి సాయంత్రం రద్దీ అని పంపింది. ఆడపడుచు చూసి, "సాయంత్రమంటున్నావు, నీడలు పొట్టిగా ఉన్నాయేంటి వదినా? అందరూ ఒకే వైపు చూస్తున్నారేంటి?" అంది. ఆ పిల్లకు ఎప్పుడూ అవసరం లేనివే కనిపిస్తాయి. ఈయన మాత్రం ఏమీ అనలేదు. ట్రాఫిక్ శబ్దమేదీ అని ఒకసారి అడిగితే, ఇక్కడి కిటికీలు మందం, లోపలికి వినపడదు అంది. ఊఁ అన్నాడు. పాపం, ఎంత నమ్మకం ఆ మనిషికి. ఆ ఊఁ గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తిన్నది ఒంటపట్టదు.

టీ మెషీను పక్కన ఎవరో నవ్వారు. కోరపన్ను కనిపించి ఆమె ఉలిక్కిపడి చూసింది, ఆయన కాదు, ఆయన బస్సులో ఉన్నాడు. ఆయన కోరపన్ను ఒకటి పక్క పన్ను మీదికి ఎక్కి కూర్చుని ఉంటుంది. సంబంధం మాట్లాడ్డానికి వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఉద్యోగం గురించీ ఇల్లు గురించీ మాట్లాడుకుంటుంటే ఆమె ఆ పన్నునే చూస్తూ కూర్చుంది. ఏమ్మా నచ్చాడా అని వాళ్లమ్మ లోపలికి పిలిచి అడిగితే, పళ్లు వరసగా ఉన్నవాణ్ని చేసుకుంటే ఇంట్లో కూడా ల్యాబులో ఉన్నట్టే ఉంటుంది, ఈయనైతే సెలవు తీసుకున్నట్టుంటుంది అంది. వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. పెళ్లయ్యాక ఒకసారి, కావాలంటే సరిచేయిస్తాను అంటే, నా పన్ను జోలికొస్తే మర్యాద దక్కదు అన్నాడు. అంత మంకు మనిషిని, నా కోసం ఈ నిశ్శబ్దంలో ఉండిపొమ్మని ఏ మొహం పెట్టుకుని అడగాలి. అడగాలి. అడిగి తీరాలి. ముందే నిజం చెప్పేస్తే పోలా, టాక్సీ ఎక్కకముందే, సామాను చేతిలో ఉండగానే: ఏవండీ, ఇది చిన్న ఊరు, చాలా చిన్నది, నాకు చాలా ఇష్టం. మాటలు బాగానే ఉన్నాయి, గొంతే రావాలి.

పిడుగు ముందు పన్ను పోయిన వారం ఊడింది. ఊరందరికీ పళ్లు కట్టే మనిషి, కన్నకూతురి మొదటి పన్ను ఊడితే అక్కడ లేదు. ఫోన్లో పిల్ల ఆ కాస్త ఖాళీని స్క్రీనుకు ఆనించి చూపించింది, ఏమీ కనిపించలేదు, అంతా ఎర్రగా చీకటి. అమ్మా కనపడిందా అంటే కనపడింది తల్లీ, ఎంత బాగుందో అంది. తను ఇక్కడికి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో పిల్ల ఏడవలేదు, నాన్న మెడ మీద కూర్చుని, అమ్మా అక్కడికెళ్లి మంచి ఊరు చూడు అని ఆర్డరేసింది. చూశాను కదే, మంచి ఊరే చూశాను. అచ్చం నీ నోరంత ఊరు చూశాను. ఆ పన్ను చోటు ఎలా ఉందో ఇవాళ కళ్లారా చూస్తాను, వేలు పెట్టి చూస్తాను, కరిస్తే కరవనీ. అనుకోగానే ఒళ్లంతా సంతోషం పాకి, భయం ఎటుపోయిందో తెలియక బెంచీ మీంచి లేచి నిలబడింది, అప్పుడే మలుపులో బస్సు కనిపించింది.

అందరూ దిగారు. ఆఖర్న పిడుగు దిగింది, వీపున సంచీ, చేతిలో ఫోను, వచ్చి ఆమె నడుముకు తల ఢీకొట్టి అలాగే ఉండిపోయింది. ఆమె కూర్చుండిపోయి పిల్ల జుట్టులో మొహం పెట్టుకుని చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆయన ఇంకా బస్సు మెట్టు మీదే నిలబడి డ్రైవరుతో చేతులు తిప్పుతూ ఏదో మాట్లాడుతున్నాడు. దిగి, పెట్టెలు కింద పెట్టి, ఆమెను తేరిపార చూసి, "మలుపులు బాగా కోస్తాడు," అన్నాడు. ఏడాదిన్నర తర్వాత మొదటి మాట అది. ఆమెకు ఏడుపొస్తుందనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఆయన తన కండువాతో ఆమె మొహం తుడిచి, ఆ తడి కండువానే తన కళ్లకు పెట్టుకున్నాడు. సరే చెప్పేద్దామని ఆమె నోరు తెరిచేలోపు టాక్సీ ఆయన మహా వినయంగా తలుపు తెరిచాడు. పిడుగు తల అడ్డంగా ఊపింది.

"టాక్సీ వద్దు. నడుద్దాం. నాకు దారి తెలుసు," అంది.

టాక్సీ ఆయనకు వాళ్ల భాష తెలియకపోయినా సంగతి తెలిసిపోయింది. సామాను మాత్రం ఎక్కించుకుని, వంతెన మీదుగా కాకుండా తిన్నగా పోనిచ్చాడు. పిడుగు ముందు నడుస్తోంది, ఇదిగో సైకిళ్ల షాపు, దాని పైన అమ్మ ల్యాబు, ఇదిగో ఎర్ర తలుపు, ఇక్కడ కుడికి తిరగాలి అని చెప్పుకుంటూ, ఒక్క చోట కూడా తడుముకోకుండా. మేడ ముందు నుంచి వెళ్తున్నప్పుడు ఆయన తల ఎత్తి చూసి, "అయితే ఇదేనన్నమాట బ్యాంకుల వీధి, ఆఫీసుల వీధి, ల్యాబు దారి," అన్నాడు. భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది ఆమెకు.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వొచ్చిన మొదటి నెలలోనే. ఫోన్ మ్యాపులో వీధుల ఫోటోలుంటాయి కదా, వేలితో తోస్తే నడుస్తున్నట్టే ముందుకెళ్తుంది. రోజూ అన్నం తిన్నాక నేనూ ఇదీ మీ ఊరు తిరిగేవాళ్లం. తిరగడం ఎంతలో అయిపోయేదో నీకు చెప్పక్కర్లేదు."

"మరి ఒక్క మాట అనలేదేం?"

"అనేద్దామనే ఉండేది. ఊరు నచ్చనివాళ్లు తిడతారు, ఇంత కష్టపడి కోతలు కోయరు. ఎంత నచ్చి ఉంటే అంత మందిని రోడ్డు మీద నిలబెట్టి ఫోటో తీస్తావు? తిరుగు టికెట్లని బెదిరిస్తే అయినా నిజం చెబుతావనుకున్నా. ఇంకో నాలుగు ఫోటోలు పంపావు." ఆయన ఆగి, చెవి రిక్కించి ఆ వీధి నిశ్శబ్దం విన్నాడు. "టికెట్లూ లేవు, సెలవూ లేదు. రాజీనామా ఇచ్చేశా. ఇక్కడ బస్సులకు డ్రైవర్లు దొరకట్లేదట, ఇప్పుడే కనుక్కున్నా. నిద్ర సంగతంటావా, నెల రోజులు మేలుకుంటా, తర్వాత అదే చచ్చినట్టు వస్తుంది."

ఆమె నడిరోడ్డు మీద ఆయన చెయ్యి పట్టుకుంది. అటు వెళ్లే ముసలాయన ఒకాయన ఇది చూసి నవ్వాడు, చూపించాలని కాబోలు, పైవరసంతా కనిపించేలా.

బేకరీ మూల దగ్గర పిడుగు ఆగింది. ఎండ పడే గోడ దగ్గరికి వెళ్లి, నేల మీద ఒక చోట చూసి, వెనక్కి తిరిగి ఆమెను చూసింది. ఫోన్ మ్యాపులో ఈ గోడ దగ్గర ఎవరో ఒకావిడ నిలబడి ఉంటుందనీ, ఆకుపచ్చ కోటు వేసుకుని, మ్యాపువాళ్లు మొహాలు చెరిపేస్తారు కాబట్టి మొహం లేకుండా ఉంటుందనీ ఆయన మెల్లగా చెప్పాడు. అది అమ్మే అని పట్టుబట్టిందట. మొహమేదే అంటే, సబ్బు రాసుకుంది, కడుక్కుంటుంది అనేదట. రోజూ ఇక్కడి దాకా రావడం, ఆవిడకు ముద్దు పెట్టడం, పద ఇంటికి పోదాం అని పిలవడం. వేలితో తోస్తే వీధి ముందుకొస్తుంది, ఆవిడ మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇంటి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి చూసేదట, వస్తోందేమోనని.

ఆకుపచ్చ కోటు ఆమెకు ఎన్నడూ లేదు.

"నువ్వే కదా?" అని అడిగింది పిడుగు. ముందు పన్ను లేని చోట నాలుక ఆడుతోంది.

"నేనే," అంది ఆమె. ఆయన ఎటో చూస్తున్నాడు.

పిల్ల ఆమె మొహాన్ని కాసేపు పరీక్షగా చూసింది, సబ్బేమైనా మిగిలిందా అన్నట్టు బుగ్గ మీద వేలితో రాసింది. తర్వాత చిటికెన వేలు పట్టుకుని లాగింది.

"ఇవాళ నువ్వు కూడా రా," అంది.

ఆమె వెళ్లింది.